సిబ్బంది కొరతపై కౌన్సిలర్ ఎలా అడగాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ సంచికకు ఎంచుకున్న ఉత్తరాలన్నీ పట్టణ సేవల గురించి, ఆ సేవలను నడపవలసిన సిబ్బంది ఖాళీల గురించి వచ్చినవే. రాసినవారి పేర్లు, ఊర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను ఒక పురపాలక సంఘానికి మొదటిసారి ఎన్నికైన వార్డు కౌన్సిలర్‌ను. మా వార్డులో పారిశుద్ధ్య కార్మికులు చాలడం లేదని ప్రతి సమావేశంలోనూ చెబుతున్నాను. "నోట్ చేసుకున్నాం, చూస్తాం" అంటారు. తరువాత మినిట్స్ (సమావేశ నమోదు) చూస్తే నా మాట ఒక్కటీ కనిపించదు. పైగా సమావేశానికి అడ్డుపడే మనిషినన్న పేరు వచ్చింది. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఆవేదన సరైనదే కానీ, "కార్మికులు చాలడం లేదు" అన్న వాక్యానికి "చూస్తాం" అన్నదే సులువైన జవాబు కాబట్టి మీకు ప్రతిసారీ అదే వస్తోంది. ఆ వాక్యాన్ని మూడు అంకెలుగా విడదీయండి. మీ వార్డుకు కేటాయించిన కార్మికులు ఎందరు? ప్రస్తుతం జీతం తీసుకుంటున్నవారు ఎందరు? ఈ రోజు ఉదయం మీ వీధుల్లో నిజంగా పనిచేసినవారు ఎందరు? మొదటి అంకెకూ రెండో అంకెకూ మధ్య ఉన్న తేడా ఖాళీ. కొత్త పోస్టులకైనా, ఔట్‌సోర్సింగ్ సంఖ్య పెంచడానికైనా ప్రభుత్వ అనుమతి కావాలి గనుక దానికి మందు చాలావరకు పురపాలక శాఖ డైరెక్టరేట్ దగ్గర, రాష్ట్ర సచివాలయం దగ్గర ఉంటుంది. రెండో అంకెకూ మూడో అంకెకూ మధ్య ఉన్న తేడా మాత్రం పూర్తిగా మీ కమిషనర్ పరిధిలోనిది. చాలా మంది కౌన్సిలర్లు ఈ రెండింటినీ కలిపి ఒకే ఫిర్యాదుగా చెప్పడం వల్ల, సొంత కార్యాలయం వెంటనే సరిదిద్దుకోగల విషయాన్ని కూడా "ప్రభుత్వానికి రాశాం" అని దాటవేసే వీలు అధికారులకు కలుగుతోంది.

మూడో అంకె కాగితం మీద దొరకదు. దానికోసం తెల్లవారుజామున మస్టర్ (హాజరు) వేసే చోటికి ఒకటి రెండుసార్లు వెళ్లి నిలబడాలి. ఉదాహరణకు మస్టర్‌లో పద్నాలుగు పేర్లు ఉన్నాయనుకుందాం. పదకొండు మంది పలుకుతారు. వారిలో ఒకరిని మేస్త్రీ కార్యాలయం ఊడ్చే పనికి పంపుతాడు, ఇద్దరు ప్రముఖుల పర్యటన ఉందని ప్రధాన రహదారికి వెళతారు, మరొకరు కాగితం మీద కార్మికుడే గానీ నెలల తరబడి చెత్త ఆటో మీద డ్రైవర్‌గా తిరుగుతుంటాడు. మీ వీధులకు మిగిలేది ఏడుగురు. ముఖ ఆధారిత హాజరు యంత్రం ఆ పదకొండు మందినీ హాజరైనట్టే చూపుతుంది, అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే వారు నిజంగానే వచ్చారు. ఎక్కడ పనిచేశారన్నది ఆ యంత్రం చెప్పదు.

ఇక సమావేశంలో మాట నమోదు కావాలంటే అది ముందుగా కాగితంగా చేరాలి. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం, 1965 ప్రకారం పనుల్లో నిర్లక్ష్యాన్ని, తన ప్రాంతపు అవసరాలను అధికారుల దృష్టికి తీసుకురావడం, చైర్‌పర్సన్‌ను ప్రశ్నించడం సభ్యుల హక్కులు. తెలంగాణలో 2019 నాటి పురపాలక సంఘాల చట్టం అమలులో ఉంది కాబట్టి అక్కడి సభ్యులు ఆ చట్టాన్ని, దాని కింద వచ్చిన నియమాలను దగ్గర పెట్టుకోవాలి. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా, ఎజెండా సిద్ధమయ్యే లోపు రాతపూర్వకంగా ప్రశ్న ఇచ్చి, ఇన్‌వార్డు నంబరు (కాగితం అందినట్టు రుజువు) వేయించుకోండి. ప్రశ్న ఇలా ఉండవచ్చు: "మా వార్డుకు కేటాయించిన పారిశుద్ధ్య కార్మికుల సంఖ్య, గత మూడు నెలల్లో రోజువారీ సగటు హాజరు, వారిలో ఇతర విధులకు పంపినవారి సంఖ్య, ఆ పంపకానికి ఉత్తర్వు ఇచ్చిన అధికారి హోదా తెలియజేయగలరు." ఇందులో ఎవరినీ తిట్టలేదు, ఎవరి మీదా నింద లేదు. కానీ చివరి అంశానికి జవాబు రాయడం మొదలుపెట్టగానే సగం మంది కార్మికులు తమ వార్డులకు తిరిగి వస్తారని చెప్పగలను.

జవాబు వచ్చాక దాని ఆధారంగా తీర్మానం ప్రతిపాదించండి. ఒక్క వార్డు కోసం అడిగితే మిగిలిన సభ్యులు తమ వార్డు నుంచి కార్మికులను లాగేస్తారేమోనని భయపడి మౌనంగా ఉంటారు. అందువల్ల అన్ని వార్డుల అంకెలూ ఒకే పట్టికగా ఇమ్మని కోరడం మేలు. ఆ పట్టిక చూసిన తరువాత పార్టీ ఏదైనా మీతో కలిసేవారు ఉంటారు. తీర్మానంలో కావలసిన సంఖ్య, దానికి ఏటా అయ్యే ఖర్చు, ఆ ఖర్చును ఏ ఆదాయం నుంచి భరిస్తారన్నది లేకపోతే పై కార్యాలయం కొర్రీ వేసి తిప్పి పంపడం ఖాయం. మీ ప్రతిపాదనను పక్కనపెట్టి వేరే నిర్ణయం తీసుకుంటే, అసమ్మతిని రాసి ఇచ్చి మినిట్స్‌లో చేర్చమని అక్కడికక్కడే కోరండి. టేబుల్ ఎజెండాగా చివరి నిమిషంలో వచ్చే అంశాల్లో వాహనాల అద్దె, ఔట్‌సోర్సింగ్ పొడిగింపు వంటివి తరచుగా ఉంటాయి, వాటిని చదవకుండా ఆమోదించి తరువాత నెలంతా సిబ్బంది కొరత గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

ప్రశ్న: మా పట్టణానికి కొత్త చెత్త ఆటోలు, ఒక మురుగు శుభ్రపరిచే యంత్రం వచ్చాయి. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఇప్పుడు అవి యార్డులో ఎండకు ఎండుతున్నాయి. డ్రైవర్లు లేరట. యంత్రం కొనడానికి ఉన్న డబ్బు మనిషిని పెట్టుకోవడానికి ఎందుకు లేదు? – ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: ఈ రెండు డబ్బులూ వేర్వేరు సంచుల నుంచి వస్తాయి. 2021 నుంచి 2026 వరకు పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసుల మేరకు పట్టణ స్థానిక సంస్థలకు అందిన నిధులను చూడండి. పది లక్షలకు మించిన జనాభా ఉన్న నగరాలను మినహాయిస్తే, మిగతా పట్టణాలకు ఇచ్చిన దానిలో 60 శాతం పారిశుద్ధ్యం, తాగునీరు వంటి నిర్దిష్ట పనులకే కట్టుబడి ఉండేది. స్వేచ్ఛగా వాడుకోదగ్గ మిగతా 40 శాతాన్ని కూడా జీతాలకు, కార్యాలయ నిర్వహణ ఖర్చులకు వాడరాదన్న నిబంధన ఉండేది. అంటే ఆ గ్రాంటుతో వాహనం కొనే వీలుండేది, దాన్ని నడిపే డ్రైవర్‌కు జీతం ఇవ్వడం కుదిరేది కాదు. జీతం ఆస్తి పన్ను, నీటి పన్ను, దుకాణాల అద్దెలు, అనుమతుల రుసుముల వంటి సొంత ఆదాయం నుంచో, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మొత్తం నుంచో రావాలి.

ఈ నిబంధన వెనుక ఉద్దేశం మంచిదే కావచ్చు. గ్రాంటంతా జీతాలకే కరిగిపోతే ఆస్తులు ఏర్పడవన్న ఆలోచన అది. అయితే పారిశుద్ధ్యం అన్నది ప్రధానంగా మనుషులు రోజూ చేసే పని. రోడ్డు వేస్తే కొన్నేళ్లు ఉంటుంది, వీధి ఊడిస్తే మరుసటి రోజుకు మళ్లీ ఊడవాలి. కాబట్టి కౌన్సిల్ ముందుకు వాహనాల కొనుగోలు ప్రతిపాదన వచ్చినప్పుడే డ్రైవర్, సహాయకుడు, ఇంధనం, మరమ్మతులకు ఏటా అయ్యే మొత్తం ఏ పద్దు నుంచి ఇస్తారో రాసి చూపమని మీ కౌన్సిలర్ చేత అడిగించండి. యార్డులో ఉన్న బండ్ల విషయంలో, ఎన్ని నెలలుగా కదలలేదో మైలేజీ పుస్తకం చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా వార్డులోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎం (టీకాలు, గర్భిణుల సంరక్షణ చూసే నర్సు) పోస్టు ఖాళీగా ఉంది. అంగన్‌వాడీకి ఆయా లేదు. సమావేశంలో అడిగితే "అవి మన శాఖవి కావు" అన్నారు. కౌన్సిలర్‌గా నాకు వీటి గురించి అడిగే అధికారం లేదా?

జవాబు: నియామకం చేసే అధికారం పురపాలక సంఘానికి లేదన్నంత వరకు వారు చెప్పింది నిజం. ఆరోగ్య కేంద్రం సిబ్బంది వైద్య ఆరోగ్య శాఖ కిందికి, అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ విభాగం కిందికి వస్తాయి. కానీ అడగడానికీ, తీర్మానం చేసి జిల్లా అధికారులకు పంపడానికీ అడ్డు లేదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ వాటిలోవే. రాజ్యాంగం అంశాలను చెప్పింది, వాటితో పాటు ఉద్యోగులను, నిధులను ఎంతవరకు అప్పగించాలన్నది మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. ముప్పై ఏళ్లు దాటినా రాష్ట్రాలు అంశాలను ఇచ్చినంత ధారాళంగా సిబ్బందిని ఇవ్వలేదన్నది నా అభిప్రాయం.

అడిగేటప్పుడు కొలమానం చేతిలో ఉంచుకోండి. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ప్రమాణాల ప్రకారం సుమారు 50,000 జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 10,000 మందికి ఒక ఏఎన్‌ఎం ఉండాలి. మీ కేంద్రం పరిధిలోని జనాభాను ఈ లెక్కకు పక్కన పెట్టి చూపండి. ఖాళీ వల్ల ఆగిపోయిన పని ఏమిటో కూడా రాయండి. ఉదాహరణకు, టీకాల రోజున పక్క పరిధి ఏఎన్‌ఎం వచ్చి రెండు చోట్లా చూడవలసి రావడం, గర్భిణుల నమోదు ఆలస్యం కావడం వంటివి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థలో వార్డు స్థాయిలో ఆరోగ్య కార్యదర్శి కూడా ఉన్నారు గనుక, అక్కడి కౌన్సిలర్లు ఆ పోస్టు భర్తీ అయి ఉందో లేదో ముందుగా చూసుకోవాలి.

ప్రశ్న: నేను ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికుడిని. మా కౌన్సిలర్ సిబ్బంది కొరత అని మొదలుపెట్టి, చివరికి "ఉన్నవాళ్లు పనిచేయడం లేదు" అని ముగిస్తారు. ముగ్గురి పని ఇద్దరం చేస్తున్నాం. జీతం కూడా సమయానికి రావడం లేదు. మా మాట ఎవరు చెబుతారు?

జవాబు: కొరత గురించి మాట్లాడి ఆ కొరతను మోస్తున్నవారినే తప్పుపట్టడం చాలా సమావేశాల్లో కనిపించే అలవాటే, అది అన్యాయం. మీ యూనియన్ ద్వారా గానీ నలుగురు కలిసి గానీ మీ కౌన్సిలర్‌కు ఒక కాగితం ఇవ్వండి. ఒక్కొక్కరు ఊడవవలసిన వీధులు, తీయవలసిన కాలువల పొడవు, చివరిసారి చేతి తొడుగులు, చెప్పులు, సబ్బులు ఇచ్చిన తేదీ, జీతం పడిన తేదీలు అందులో ఉండాలి. ఏజెన్సీ ద్వారా వచ్చినా, ప్రధాన యజమానిగా పురపాలక సంఘానికి మీ వేతనం విషయంలో బాధ్యత ఉంటుంది. 2016 అక్టోబరు 26న జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సమాన పనికి సమాన వేతనం సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని చెప్పింది. అయితే పని నిజంగా సమానమైనదని నిరూపించే భారం అడిగేవారి మీదే ఉంటుంది కనుక మీ విధుల వివరాలు రాసి ఉంచుకోవడం అవసరం.

ఒక విషయంలో మాత్రం మొహమాటపడవద్దు. కొరత ఉంది కదా అని మ్యాన్‌హోల్‌లోకి దిగమంటే దిగకండి. 2013 నాటి పాకీపని నిషేధ చట్టం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడాన్ని నిషేధించింది. మురుగు కాలువల్లో మరణించినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది.

ప్రశ్న: కౌన్సిలర్ అడగకపోతే సామాన్యులం ఈ అంకెలు ఎలా తెలుసుకోవాలి?

జవాబు: సమాచార హక్కు చట్టం, 2005లోని నాలుగో సెక్షన్ ప్రకారం ఉద్యోగుల జాబితా, ఒక్కొక్కరి నెల వేతనం ఎవరూ అడగకుండానే కార్యాలయం ప్రకటించి ఉంచాలి. లేకపోతే దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. కార్మికుల ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు అడగవద్దు, అవి మీకు అవసరం లేదు. వార్డుల వారీ సంఖ్యలు, ఇతర విధులకు పంపిన ఉత్తర్వుల నకళ్లు చాలు.

ప్రశ్న: పాలకవర్గం గడువు ముగిసి, ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: ఆ కాలంలో కౌన్సిల్ అధికారాలు ప్రత్యేకాధికారివే కాబట్టి విజ్ఞప్తులు వారి పేరుతోనే ఇవ్వాలి. సోమవారం నాడు కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతాయి. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు తీసుకుని, జవాబు వచ్చేదాకా అదే నంబరుతో వెంటబడండి. ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం చెబుతోంది, 2006లో అహ్మదాబాద్ నగరపాలక సంస్థకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ మాటను గట్టిగానే చెప్పింది. మాజీ కౌన్సిలర్ దగ్గర పాత తీర్మానాల నకళ్లు ఉంటే మీ అర్జీకి జతచేయండి, ఖాళీల విషయం కొత్తగా తెలిసిందని చెప్పే వీలు కార్యాలయానికి ఉండదు.