ఎర్టిగాలో బ్రెజా గేర్‌బాక్స్ పడుతుందా?

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, నిరుడు 2016 ఎర్టిగా 1.4 పెట్రోల్ ఆటోమేటిక్ సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వస్తే కొన్నాను. 2024 సెప్టెంబరు విజయవాడ బుడమేరు వరదలో మునిగిన బండి అని తర్వాత తెలిసింది. ఇప్పుడు డీ (డ్రైవ్)లో వేస్తే కాసేపు కదలదు, కదిలితే గుద్దినట్టు కదులుతుంది, వేడెక్కాక అసలు లాగడం లేదు. మెకానిక్ గేర్‌బాక్స్ పోయిందన్నాడు. ఆటోనగర్‌లో ఒకాయన దగ్గర యాక్సిడెంటైన 2022 బ్రెజా ఆరు గేర్ల ఆటోమేటిక్ బాక్స్ ఉంది, మారుతీకి మారుతీ సెట్టయిపోద్ది అంటున్నాడు. పెట్టించమంటారా? – గుంటూరు పాఠకుడు

జవాబు: వద్దండీ. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఇవాళే వెనక్కి అడగండి.

మీ బండిలో ఉన్నది నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, అంటే ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే రకం. గేరు ఎప్పుడు మార్చాలో, లోపలి సోలనాయిడ్లతో (కరెంటుతో పనిచేసే వాల్వులు) ఆయిల్‌కి ఎంత ప్రెషర్ ఇవ్వాలో చెప్పేది టీసీఎం అనే కంప్యూటర్. అది ఇంజిన్‌ని నడిపే కంప్యూటరైన ఈసీఎంతో ఎప్పటికప్పుడు మాట్లాడుతూ ఉంటుంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, ఇంజిన్ ఎంత లోడ్‌లో ఉంది అన్నీ అక్కడి నుంచే తెలుసుకుంటుంది. నాలుగు గేర్ల కోసం రాసిన టీసీఎంకి ఆరు గేర్ల బాక్స్ ఇస్తే నడపలేదు. పోనీ బ్రెజా టీసీఎం కూడా పట్టుకొద్దామంటే అది ఎదురుచూసేది 2022లో వచ్చిన 1.5 డ్యూయల్ జెట్ ఇంజిన్ ఈసీఎం మాటలు, మీ పాత 1.4వి కావు. పైగా ఎర్టిగానే 2018లో ప్లాట్‌ఫాం మొత్తం మారింది, కాబట్టి మౌంట్లు, డ్రైవ్ షాఫ్ట్‌లు, గేర్ లివర్ కేబుల్ ఒక్కొక్కటీ మళ్లీ తంటానే. షాపాయన చూసేది బోల్టు రంధ్రాలు. బాక్స్‌ని ఇంజిన్‌కి కలిపే బెల్ హౌసింగ్ బోల్టులు కుదిరాయనే అనుకుందాం, బండి స్టార్టయి, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగి, ఒకే గేర్‌లో బిగుసుకుపోయి నడిచే అవకాశమే ఎక్కువ.

మీకు కావాల్సింది 2015–18 మధ్య వచ్చిన ఎర్టిగా 1.4 ఆటోమేటిక్ బాక్స్. దొరక్కపోతే అదే కాలం సియాజ్ 1.4 ఆటోమేటిక్ చూడండి, ఇంజినూ అదే సైజు, గేర్లూ నాలుగే. అయినా పార్ట్ నంబరు, ఫైనల్ డ్రైవ్ రేషియో (చక్రాలకి ముందు ఉండే చివరి గేర్ల నిష్పత్తి) రెండూ కలిస్తేనే తీసుకోండి. రేషియో తేడా వస్తే కారు నడుస్తుంది గానీ ఇంజిన్ ఆర్‌పీఎంకీ స్పీడుకీ లెక్క తప్పి టీసీఎం తికమక పడుతుంది.

అసలు ముందు మీ బాక్స్‌లోని ఆయిల్ ఏ రంగులో ఉందో చూశారా? వరద బండి అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నీళ్లలో మునిగినప్పుడు పైన ఉండే బ్రీదర్ (గాలి పోయే దారి) గుండా నీరు లోపలికి పోతుంది, ఆయిల్ పాలు కలిసిన టీ రంగుకి తిరుగుతుంది. లోపలి క్లచ్ ప్లేట్ల మీద ఉండేది జిగురుతో అంటించిన కాగితం లాంటి లైనింగ్, నీరు తగిలితే ఆ జిగురు వదిలేస్తుంది, అందుకే ఆయిల్ మార్చి ఊరుకుంటే కొన్నాళ్లు బాగానే తిరిగి తర్వాత ఇలా మొండికేస్తుంది. ఆయిల్ కూలర్ లోపల లీకై కూలెంట్ కలిసినా ఇదే రంగు వస్తుంది, కాబట్టి కూలర్ చెక్ చేయించకుండా వేరే బాక్స్ బిగిస్తే దాన్నీ పాడు చేసుకున్నట్టే. కేసింగు, గేర్లు బాగుండి క్లచ్ ప్యాక్‌లు, సీల్సు మాత్రమే పోయి ఉంటే మీ బాక్స్‌నే రీబిల్డ్ చేయించడం నయం. ఆటోమేటిక్ విప్పి కట్టిన అనుభవం ఉన్నవాళ్ల దగ్గరే సుమా, మామూలు గేర్‌బాక్స్ మెకానిక్‌కి ఇవ్వకండి.

సెకండ్ హ్యాండ్ బాక్స్ కొనేటట్టయితే షాపులోనే ఆయిల్ పాన్ విప్పించండి. మాగ్నెట్‌కి సన్నటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉండటం మామూలే, తళతళలాడే లోహపు ముక్కలు కనిపిస్తే వదిలేసి వచ్చేయండి. అది కూడా బుడమేరులో మునిగిన బండిది కాదని ఒట్టు వేయించుకోండి మరి! బిగించేటప్పుడు టార్క్ కన్వర్టర్ పంపులోకి పూర్తిగా కూర్చున్నాకే బోల్టులు వేయాలి. కూర్చోకుండానే బోల్టులతో లాగేస్తే పంపు పగులుతుంది, ఆ తప్పు చాలా చోట్ల జరుగుతుంది. పాత కూలర్, పైపులు ఫ్లష్ చేయాలి. ఆయిల్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయాలి.

ప్రశ్న: అన్నా, డాలస్‌లో ఉంటాను. 2004 షెవ్రొలే సిల్వరాడో 5.3, టూ వీల్ డ్రైవ్. బాక్స్ పోయింది. జంక్‌యార్డ్‌లో అదే ఏడాది టాహో ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది, అందులోదీ నా బండిలోలాగే 4ఎల్60ఈ గేర్‌బాక్స్ అంటున్నారు. పడుతుందా? – టెక్సాస్ నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, నీ అదృష్టం సగం బాగుంది. జనరల్ మోటార్స్ ఈ బాక్స్‌ని 1990ల నుంచి పికప్‌లకీ ఎస్‌యూవీలకీ కమారోకీ కూడా వాడింది. పేరులోనే ఉంది: 4 అంటే నాలుగు గేర్లు, ఎల్ అంటే బండి పొడవునా బిగించేది, 60 దాని బలం లెక్క, ఈ అంటే ఎలక్ట్రానిక్. అదే ఏడాది కాబట్టి, ఆ టాహో ఇంజిన్ కూడా 5.3 అయితే కన్వర్టర్, బెల్ హౌసింగ్, వైరింగ్‌తో ఇబ్బంది ఉండకూడదు. తేడా తోక దగ్గర. ఫోర్ వీల్ డ్రైవ్ బాక్స్ వెనక ముందు చక్రాలకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ కూర్చుంటుంది, అవుట్‌పుట్ షాఫ్ట్ వేరు, వెనక చక్రాలకి వెళ్లే నీ ప్రొపెల్లర్ షాఫ్ట్ దానికి నేరుగా తగలదు. ఆ షాఫ్ట్ మార్చాలంటే బాక్స్ మొత్తం విప్పాలి, అంత పని చేసే బదులు ఇంకో వారం ఆగి టూ వీల్ డ్రైవ్ బండిది వెతుక్కో, ఆ మోడళ్లు అక్కడ కుప్పలుగా దొరుకుతాయి. ఎవరైనా తర్వాత వచ్చిన ఆరు గేర్ల 6ఎల్80 పెట్టేద్దాం అంటే ఒప్పుకోకు. దాని కంప్యూటర్ బాక్స్ లోపలే ఆయిల్‌లో ఉంటుంది, నీ ఈసీఎంతో అది మాట్లాడదు.

ప్రశ్న: మా అమ్మకి ఎడమ మోకాలు నొప్పి. మా 2019 స్విఫ్ట్ మాన్యువల్‌ని ఏఎంటీగా (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే రకంగా) మార్పించుకోవచ్చా? ఏఎంటీ అంటే లోపల మాన్యువల్ బాక్సే కదా! – కరీంనగర్ పాఠకురాలు

జవాబు: నిజమేనమ్మా, 2014లో సెలేరియోతో వచ్చినప్పటి నుంచీ దాని లోపల ఉన్నది మాన్యువల్ బాక్సే, క్లచ్‌నీ గేర్లనీ మనిషి బదులు యాక్చువేటర్లు కదుపుతాయి. కానీ ఆ యాక్చువేటర్లు, కంట్రోల్ యూనిట్, లివర్, పెడల్ సెట్, వైరింగ్, ఈసీఎం సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి కొనే డబ్బుకి మీ బండి అమ్మగా వచ్చేది కలిపితే ఏఎంటీ స్విఫ్టే సెకండ్ హ్యాండ్‌లో రావచ్చు. క్లచ్ పెడల్ తొక్కనక్కర్లేకుండా చేసే కిట్లు వికలాంగుల కోసం బయట అమ్ముతారు, వాటికి ముందుగా ఆర్టీవో అనుమతి తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ రాతపూర్వకంగా చెప్పండి. నా సలహా అయితే, ఈ బండి అమ్మేసి ఆటోమేటిక్ కొనండి. కొనే ముందు అమ్మగారినే ట్రాఫిక్‌లో ఒక రౌండ్ నడపమనండి, గేరు మారేటప్పుడు ఏఎంటీ ఇచ్చే చిన్న కుదుపు కొందరికి నచ్చదు.