‘అర్చిన్’ కథ రాసిన యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. పదహారో శతాబ్దపు ఇంగ్లండ్ పల్లెను ఎంచుకుని, హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువును ఆనాటి జనం పిలిచినట్టే ‘అర్చిన్’ అనడం మంచి నిర్ణయమే. ఆ పేరు ఇప్పుడు జంతువును వదిలి వీధి పిల్లలకూ, సముద్రంలోని ఒక ముళ్ల ప్రాణికీ మిగిలింది కనుక పాఠకుడు తికమకపడతాడని భయపడి మొదటి పేజీలోనే అరపేరా వివరణ పెట్టావు. దాన్ని కొట్టేయి. ప్రాణి కళ్లకు కడితే పేరు దానంతట అదే తెలుస్తుంది.

ప్రస్తుతానికి అది కళ్లకు కట్టడం లేదు. ‘ఒళ్లంతా ముళ్లున్న చిన్న జంతువు’ అంటే మనవాళ్లకు ఏదుపందే మెదులుతుంది. ఏదుపంది పొడవాటి ముళ్లు నిక్కబొడుచుకుని వెనక్కి దూసుకొస్తుంది. అర్చిన్ మాత్రం అలికిడి కాగానే ముందు నుదుటి ముళ్లను కళ్ల మీదికి దించుకుని, అలికిడి దగ్గరైతే ముక్కునూ కాళ్లనూ లోపలికి లాక్కుని బంతిలా ముడుచుకుంటుంది. పైగా నీ కథలో అది జనవరి మంచులో తిరుగుతోంది. ఆ నెలలో అది సాధారణంగా ఆకుల గూడులో శీతాకాల నిద్రలో ఉంటుంది. కథను జూన్‌కు జరుపు, లేదా పిల్లవాడిచేత ఆ గూడు తవ్వించు (నేనైతే రెండోదే ఎంచుకుంటాను).

అసలు బలమున్న చోటే నువ్వు తొందరపడ్డావు. రాత్రిళ్లు పడుకున్న ఆవుల పొదుగుల నుంచి అర్చిన్ పాలు తాగుతుందని ఆ పల్లెలు నమ్మేవి. నిజానికి దానికి పాలు పడవు; పచ్చికలో అది వెతికేది పురుగులనూ వానపాములనూ. అయినా ఎలిజబెత్ రాణి కాలంలో 1566 నాటి చట్టం దాన్ని హానికర ప్రాణుల్లో చేర్చి, చంపి తెచ్చిన ఒక్కో తలకు 2 పెన్నీలు ఇమ్మంది. చర్చి లెక్కలు చూసే వార్డెన్లు ఆ చెల్లింపులను చర్చి గంటకు కట్టే తాళ్ల ఖర్చులు రాసే లెక్కల పుస్తకాల్లోనే రాసుకున్నారు. నీ పిల్లవాడు అర్చిన్ తలను చేత్తో పట్టుకుని వార్డెన్ ఎదుట నిలబడిన ఘట్టాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. అక్కడ నిలిచి రాయి. వార్డెన్‌ను దుర్మార్గుడిగా చూపకు, అతను తన లెక్క తాను రాసుకుంటున్నాడు, అంతే.

2020లో బ్రిటన్ క్షీరదాల రెడ్ లిస్టు అర్చిన్‌ను అంతరించే ముప్పున్న ప్రాణుల్లో చేర్చిందన్న నీ చివరి పేరా నిజమే కాని, దాన్ని వేరే వ్యాసానికి దాచుకో. మార్చిన ప్రతిని వార్డెన్ ఘట్టంతోనే మొదలుపెట్టి పంపు.