లేజర్‌తో కణాలను పట్టుకునే చదువు: చుట్టాలకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్ చూసొచ్చినప్పటి నుంచి, మైక్రోస్కోపు కింద లేజర్‌తో జీవకణాలను పట్టుకుని బలాలు కొలిచే పని నేర్చుకుంటానంటోంది. మేమేమో డేటా సైన్స్ పీజీ అనుకుంటున్నాం. ఏది మంచిది? చుట్టాలు అడిగితే ఏం చదువుతోందని చెప్పాలో కూడా తెలియడం లేదు. - ఒక తండ్రి, జడ్చర్ల

జవాబు: మీ అసలు టెన్షన్ ఆ చివరి వాక్యంలో ఉందండీ. పాలమూరు, నల్లగొండ నుంచి ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి, కోర్సు పేరొక్కటే మారుతుంది.

చుట్టాలకు ఇలా చెప్పండి. ఎర్ర రక్తకణం తనకన్నా సన్నటి నాళంలోంచి కూడా సాగి, ఒంగి దూరిపోవాలి. మలేరియా క్రిమి లోపల చేరితే ఆ కణం బిరుసెక్కుతుంది. ఎంత బిరుసెక్కిందో చూస్తే తెలియదు, పట్టి లాగాలి. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని మైక్రోస్కోపుతో చూశాడు. ఇప్పుడు మైక్రోస్కోపులోంచే లేజర్ పంపి, కణానికి అంటించిన చిన్న పూసలను పట్టుకుని సాగదీస్తున్నారు. ఈ వెలుగు పట్టకారును (ఆప్టికల్ ట్వీజర్స్ అంటారు) అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ ఆష్కిన్ బృందం 1986లో చేసి చూపింది. 2018లో నోబెల్ వచ్చేసరికి ఆయనకు 96 ఏళ్లు. మీ అమ్మాయికి అంత టైం పట్టదులెండి.

కొలిచేది ఎంత చిన్న బలమంటే, వంద గ్రాముల సబ్బు బిళ్ల బరువు సుమారు ఒక న్యూటన్. దాన్ని లక్ష కోట్ల భాగాలు చేస్తే, కణంలో సరుకు మోసే కైనెసిన్ అనే ప్రోటీన్‌ను ఆపడానికి అందులో ఐదు నుంచి ఏడు భాగాలు చాలు.

కానీ ల్యాబ్‌లో ఆమె చూసింది పెళ్లి భోజనం. వంటశాల సంగతి వేరు. గంటల తరబడి అద్దాలు సరిచేయాలి. లేజర్ పట్టు ఎంత గట్టిదో తేల్చడానికి నీళ్లలో పూస వణుకును వేలసార్లు రికార్డు చేసి లెక్కకట్టాలి. లేజర్ ఎక్కువైతే కణం దెబ్బతింటుంది, ఆ రోజు పని పోయినట్టే. అంత ఓపిక ఉందో లేదో ఆమెకే ఇంకా తెలియదు.

ఇక డేటా సైన్స్. సబ్జెక్టు మీద నాకు అనుమానం లేదు, వీధికొకటి వెలుస్తున్న కోర్సుల మీదే. నా దగ్గరికొచ్చే పిల్లలు ఆరు సాఫ్ట్‌వేర్ల పేర్లు గడగడా చెబుతారు. ఈ అంకె ఎక్కడిది, ఇందులో తప్పెంత ఉండొచ్చు అంటే నోరు మెదపరు. పీజీకి ఫీజు కట్టి, మళ్లీ అమీర్‌పేటలో కోచింగ్‌కు కట్టినవాళ్లను చూశాను. మీ బిడ్డ కోరుకున్న పనిలో పైథాన్, స్టాటిస్టిక్స్ ఎలాగూ తప్పవు. పైగా కొలిచింది తనే కాబట్టి ఆ డేటా గుట్టు తనకు తెలుస్తుంది. పరిశోధన నచ్చకపోతే వాటితోనే మీరన్న దారికి రావచ్చు.

కోపం తెచ్చుకోకండి. అబ్బాయి విషయమైతే చుట్టాల మాట రాసేవారా? పీహెచ్‌డీ అంటే ముప్పై ఏళ్లొచ్చేదాకా మీరే పోషించాలని భయపడుతున్నట్టున్నారు. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్లయ్యాక 42,000 రూపాయలు, ఇంటి అద్దె అలవెన్సు వేరు. మీ చేతి ఖర్చు ఎమ్మెస్సీ దాకానే.

సీట్లు తక్కువే, దాచను. పరికరాలు ఖరీదైనవి, ప్రతి యూనివర్సిటీలో ఉండవు. అయినా గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్, హబ్సిగూడలో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలు, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ మీకు బస్సు దూరమే. సైన్స్ అకాడమీలు ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు అప్లై చేయనివ్వండి. రెండు నెలలు ల్యాబ్‌లో పనిచేసొచ్చాక కూడా ఇదే కావాలంటే అడ్డుపడకండి.

ఆమె ఇంటర్‌లో ఎంపీసీ అయితే బయాలజీ పదో తరగతితోనే ఆగిపోయి ఉంటుంది. ఎన్సీఈఆర్టీ పదకొండో తరగతి బయాలజీ తెచ్చి, కణం పాఠాలు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టమనండి.