టెక్ సందేహాలు: అద్దంలో అక్షరాల్లా ఉన్న ఉత్తరాలు

ప్రశ్న: మా ముత్తాతగారు కాకినాడలో వ్యాపారం చేసేవారు. అటక మీద ఆయన ఉత్తరాల పుస్తకం దొరికింది. కాగితాలు ఉల్లిపొరలా ఉన్నాయి, రాత ఊదా రంగులో ఉంది. ఒకవైపు అక్షరాలు తిరగబడ్డాయి. ఫోన్‌తో స్కాన్ చేస్తే అంతా కలగాపులగం. యాప్ మార్చాలా?

జవాబు: యాప్ తప్పేమీ లేదండీ. మీరు చెప్పిన గుర్తులన్నీ లెటర్ బుక్‌వే. అంటే అవి ఆయనకు వచ్చిన ఉత్తరాలు కావు, ఆయన రాసి పంపించేసిన వాటి కాపీలు.

ఈ పద్ధతి కనిపెట్టింది ఆవిరి యంత్రం జేమ్స్ వాటే! 1780లో పేటెంట్ తీసుకున్నాడు. మెల్లగా ఆరే సిరాతో ఉత్తరం రాసి, దాని మీద తడిపిన పల్చటి కాగితం పరిచి, ప్రెస్‌లో పెట్టి గట్టిగా నొక్కాలి. కొంత సిరా ఆ కాగితానికి అంటుకుంటుంది. అంటుకున్న వైపు అక్షరాలు తిరగబడి ఉంటాయి కదా, అందుకే కాగితం అంత పల్చన. సిరా ఇంకి రెండోవైపు సరిగ్గా కనిపిస్తుంది. ఊదా రంగేమో 1870ల తర్వాత వచ్చిన అనిలిన్ సిరాలది, అంటే రసాయన రంగులతో చేసిన సిరాలది.

వాట్ ప్రెస్ వాడిన అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్, 1804 నుంచి పాలీగ్రాఫ్‌కు మారాడు. రెండు కలాలను చెక్క పుల్లలతో జోడించిన బల్ల అది. ఈ కలంతో రాస్తుంటే పక్క కాగితం మీద రెండో కలం అదే రాస్తుంది. ఇప్పటి సింక్‌కు ముత్తాత అనుకోండి! 1806లో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ కార్బన్ పేపర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. మెయిల్‌లో ‘సీసీ’ అంటే ఆ కార్బన్ కాపీయే. 1876లో ఎడిసన్ బ్యాటరీతో నడిచే కలం చేశాడు. అందులో సూది టకటకా ఆడుతూ అక్షరాల వెంట చిల్లులు పొడుస్తుంది, ఆ చిల్లుల్లోంచి సిరా దిగి కింది కాగితం మీద అచ్చు పడుతుంది. మన పెద్దలు చూసిన సైక్లోస్టైల్ అనే కాపీల యంత్రానిది కూడా ఇదే కిటుకు.

ఇక మీ స్కాన్ సంగతి. కింది పేజీలోని రాత పైకి కనబడటం వల్లే యాప్ తికమక పడుతోంది. స్కాన్ చేసే ప్రతి కాగితం కింద ఒక తెల్లకాగితం పెట్టండి. తిరగబడ్డ వైపే ఫొటో తీసి ఉంటే ఎడిట్‌లో ఫ్లిప్ నొక్కండి, సరిపోతుంది. అయితే ఎండలో పెట్టి మాత్రం తీయకండి, ఊదా సిరా వెలిసిపోతుంది. తడి గుడ్డతో అసలు తుడవద్దు. ఆ సిరా నీళ్లు తగిలితే కారేదే, కాపీ తీసింది ఆ గుణంతోనే మరి!