‘ప్రతి క్వార్కు’ అంటే ఏ క్వార్కు?

సందేహం: డిగ్రీ విద్యార్థుల కోసం తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ‘టెట్రాక్వార్కులో రెండు క్వార్కులు, రెండు ప్రతిక్వార్కులు ఉంటాయి. రంగులేని నాలుగు క్వార్కులు కలిసి ఒక కణం అవుతాయి’ అని రాస్తే, మా సహోద్యోగి రెండు వాక్యాల కిందా గీత గీశారు. తప్పేమిటి?
– ఒక భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, నల్లకుంట, హైదరాబాదు

సమాధానం: రెండు గీతలూ న్యాయమైనవే. ‘వర్ణం’ జోలికి పోకుండా ‘రంగు’ అన్నందుకు మాత్రం సంతోషం. కొత్తవారి కోసం ఒక మాట: క్వార్కు అంటే ప్రోటాన్‌లాంటి కణాల లోపలుండే కణం. దాని ‘రంగు’ కంటికి కనిపించేది కాదు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ అని పేర్లు పెట్టిన మూడు రకాల ఆవేశం. యాంటీక్వార్కు దాని ఎదుటి కణం, దాని రంగులూ ఎదుటివే.

‘ప్రతి’ అనే సంస్కృత ఉపసర్గను ఇంగ్లీషు మాటకు అతికించారని నేను పేచీ పెట్టను. ‘ఉపసర్పంచ్’ అంటున్నాం, ఏ ఊళ్లోనూ ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కంతా అర్థంలోనే. ‘ప్రతి క్వార్కుకూ ఒక రంగు ఉంటుంది’ అని మీరు క్లాసులో పైకి చదివితే పిల్లలు ఏమని రాసుకోవాలి? ఒక్కొక్క క్వార్కుకూ అనా, యాంటీక్వార్కుకు కూడా అనా? కలిపి రాస్తే తీరిపోతుందనుకోకండి. ‘ప్రతిదినం’, ‘ప్రతివాది’ రెండూ కలిపే రాస్తాం. మొదటిదాంట్లో ‘ప్రతి’ అంటే ఒక్కొక్క, రెండోదాంట్లో ఎదుటి. కాబట్టి ‘యాంటీక్వార్కు’ అనే రాయండి. తెలుగు మాటే కావాలంటే ఎదురుగాలి, ఎదురుదాడి ఉన్నాయి కదా, ‘ఎదురు క్వార్కు’ అనవచ్చు. ఎరుపుకు ‘ఎదురెరుపు’ అని ఉత్వసంధి కూడా చక్కగా కుదురుతుంది! నాకు నచ్చింది కానీ, పరీక్ష రాసే పిల్లలను టెన్షన్ పెట్టడం ఎందుకు? అన్నట్టు, మూడో రంగును ఉత్త ‘పచ్చ’ అనకండి, ‘ఆకుపచ్చ’ అనండి. పచ్చబంగారం పసుపే కదా.

రెండో వాక్యం ఇంకా ప్రమాదం. విశేషణం తన పక్కనున్న మాటకే అంటుకుంటుంది. ‘రంగులేని నాలుగు క్వార్కులు’ అంటే నాలుగింటిలో దేనికీ రంగు లేదని అర్థం. విషయం దానికి పూర్తిగా తలకిందులు. ప్రతిదానికీ (ఇదిగో, ఇక్కడ ఒక్కొక్కదానికీ అని) రంగు ఉంది, మొత్తం మీద మాత్రం రంగు తేలదు. ఇలాంటిచోట మనకు ‘చెల్లు’ అనే మంచి మాట ఉంది. ఇద్దరి బాకీలు చెల్లుకు చెల్లు అయ్యాయంటే అసలు బాకీలే లేవని కాదు. ‘నాలుగింటి రంగులూ చెల్లిపోయిన కూటమి’ అంటే సరిపోతుంది.

ఈ పట్టింపు ఊరికే కాదు. క్వార్కు–యాంటీక్వార్కు జంటలో గానీ, ప్రోటాన్‌లాంటి మూడు క్వార్కుల కణంలో గానీ రంగులు చెల్లే దారి ఒక్కటే. నాలుగైతే రెండు దారులు. రెండు క్వార్కులకు కలిపి 3×3, అంటే 9 రంగు స్థితులు. అవి 6, 3 గుంపులుగా విడిపోతాయి. క్వార్కుల రంగులు తారుమారు చేస్తే ఆరు గుంపు మారదు, మూడు గుంపుకు ప్లస్, మైనస్ గుర్తు మారుతుంది. యాంటీక్వార్కుల జంటదీ ఇదే లెక్క. ఇక మూడుకు మూడు చెల్లాలి, లేదా ఆరుకు ఆరు. ఆ రెండు దారులూ ఇవే. అలా కాక క్వార్కును యాంటీక్వార్కుతో జతకడితే ఆ జంట 9 స్థితులు 8, 1గా విడిపోతాయి. ఆ ఒక్కటే రంగు చెల్లినది. అప్పుడు రెండు జంటలూ దేనికది చెల్లిపోయి ఉండవచ్చు, లేదా రెండూ రంగున్నవై ఎనిమిదికి ఎనిమిది చెల్లవచ్చు. ఇవి కొత్త స్థితులు కావు, పాత రెంటినే ఇంకో వైపునుంచి చూడటం. మూడు–మూడు కూటమిలో దేనికది చెల్లిన జంటల పాలు మూడోవంతు, ఎనిమిది–ఎనిమిది పాలు మూడింట రెండు వంతులు. పెంటాక్వార్కుకైతే (నాలుగు క్వార్కులు, ఒక యాంటీక్వార్కు) దారులు మూడు, ఆరు క్వార్కుల కూటమికి అయిదు.

అందుకే పాఠంలో ‘జంట’ అన్నప్పుడల్లా ఏది దేనితో జంటో చెప్పాలి. 2021లో సెర్న్ ప్రయోగశాలలోని ఎల్‌హెచ్‌సీబీ బృందం ప్రకటించిన టెట్రాక్వార్కునే తీసుకోండి. అందులో రెండు చార్మ్ క్వార్కులు, ఒక యాంటీ అప్, ఒక యాంటీ డౌన్ (చార్మ్, అప్, డౌన్ అనేవి క్వార్కు రకాల పేర్లు). ‘దీనిలో రంగులేని జంటలున్నాయి’ అని రాయవద్దు. ‘చార్మ్ క్వార్కుల జంటకు రంగు ఉంటుంది, యాంటీక్వార్కుల జంటకూ ఉంటుంది, ఆ రెండూ కలిస్తే చెల్లిపోతాయి’ అని రాయండి. పొడుగైతే కానివ్వండి.