"వ్యసనపడకుము": మందుతో పనిలేని మాట

సందేహం: బైబిల్లో 37వ కీర్తన మొదలే "చెడ్డవారిని చూచి నీవు వ్యసనపడకుము" అని ఉంది. సండే స్కూల్లో ఇది కంఠతా పట్టిస్తుంటే ఒక పిల్లవాడు "అంటే వాళ్ళను చూసి మందు అలవాటు చేసుకోవద్దనా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ జవాబు తోచలేదు. దీని బదులు "అసూయపడకు" అని నేర్పితే తప్పా?
– ఒక ఉపాధ్యాయిని, నరసరావుపేట

సమాధానం: పిల్లవాడి తప్పేం లేదమ్మా. మనమే ఆ మాటను తీసుకెళ్ళి బ్రాందీ షాపు ముందు కూర్చోబెట్టాం. ఇప్పుడు వ్యసనం అంటే తాగుడు, పేకాట, మహా అయితే సెల్‌ఫోను. వెనక ఇంత ఇరుకు లేదు. "అస్" అనే ధాతువుకు విసరడం అని అర్థం. దానికి "వి" చేరితే చెదరగొట్టి విసిరేయడం. మనిషిని అతని మేలునుంచి విసిరి పారేసేది కనుక వ్యసనం అన్నాడు కౌటిల్యుడు. ఆయన అర్థశాస్త్రంలో ఎనిమిదో అధికరణమంతా వ్యసనాల గురించే. అందులో రాజుగారి జూదమే కాదు, రాజ్యానికొచ్చే ఆపదలూ ఉన్నాయి. సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరుడు ఒక్క పంక్తిలో తేల్చేశాడు: "వ్యసనం విపది భ్రంశే దోషే కామజకోపజే". ఆపద, పతనం, కామం వల్లా కోపం వల్లా పుట్టే దోషం. ఆపద వస్తే మనిషి కుమిలిపోతాడు కాబట్టి తెలుగులో వ్యసనపడడం అంటే దుఃఖపడడం, మనసు కష్టపెట్టుకోవడం అయింది.

ఈ మాటకు మంచి రోజులూ ఉండేవి. భర్తృహరి మహాత్ముల లక్షణాలు చెబుతూ "వ్యసనం శ్రుతౌ" అన్నాడు, చదువు మీద వ్యసనమట! దాన్ని తెలుగు చేస్తూ ఏనుగు లక్ష్మణకవి "విద్యయందు వాంఛాపరివృద్ధి" అన్నాడు, వ్యసనం అనే మాట వాడకుండా. ఛందస్సు కోసమో, అప్పటికే మాటకు మచ్చ పడిందనో. నాకు రెండోదే అనిపిస్తుంది గానీ పట్టుబట్టను.

ఇక కీర్తనకొద్దాం. కీర్తనల మూలభాష హీబ్రూలో ఇక్కడున్న క్రియకు ధాతువు "హారా". వేడెక్కడం, మండడం. కోపం రగలడానికీ అదే మాట. అంటే "నిన్ను నువ్వు కాగబెట్టుకోకు" అని. ఎనిమిదో వచనం చూడండి: "కోపము మానుము ఆగ్రహము విడిచిపెట్టుము వ్యసనపడకుము". మాట చుట్టూ సెగే. ఈ సెగ మొత్తం ఒక్క అచ్చ తెలుగు మాటలో ఉంది: ఉడుక్కోవడం. ఉడుకు అంటే వేడి. ఉడుకు నీళ్ళు, ఉడుకు నెత్తురు, ఉడుకుమోతు, అన్నీ ఆ పొయ్యి మీదివే.

మా వీధి చివర ఒకాయన కాలువ గట్టు కలిపేసుకుని మూడంతస్తులు లేపాడు. పొద్దున్నే పాల ప్యాకెట్‌కు వెళ్తూ ఆ గ్రానైట్ మెట్లు చూసినప్పుడల్లా నాకు లోపల చుర్రుమంటుంది. ఆ ఇల్లు నాక్కావాలని కాదు. అంత చేసినా వాడికేమీ కావడం లేదేమని. దీన్ని దుఃఖం అందామంటే పూర్తిగా దుఃఖం కాదు. ఉడుక్కోవడమే.

మరి "అసూయపడకు"? ఒప్పుకోను. గుణాల్లో కూడా దోషాలు ఎంచడం అసూయ అని అమరుడి నిర్వచనం. దుర్మార్గుడిలో ఎంచడానికి గుణమెక్కడుంది? కీర్తన మొదటి వచనం రెండో సగంలో "మత్సరపడకుము" అన్న అనువాదకులకు ఈ తేడా బాగా తెలుసు. ఎదుటివాడి శుభాన్ని ఓర్వకపోవడం మత్సరం. 73వ కీర్తనలో ఆసాపు ఒప్పుకున్నదీ ఇదే: "భక్తిహీనుల క్షేమము నా కంటబడినప్పుడు గర్వించువారినిబట్టి నేను మత్సరపడితిని". క్షేమం కంటబడింది, మత్సరం పుట్టింది. ఈర్ష్య అంటే ఓర్వలేనితనం, అంతే. పేపర్లవాళ్ళు ఈర్ష్యాసూయలని జంటకట్టి అన్నింటినీ ఒకే గంపలో పోశారు. టీవీవాళ్ళు "జెలసీ ఫీలవకండి" అని ఆ గంప కూడా పారేశారు.

కాబట్టి వాక్యం చదివేటప్పుడు "వ్యసనపడకుము" అనే చదివించండి, అర్థం చెప్పేటప్పుడు "ఉడుక్కోవద్దు" అనండి. ఒక్క చిక్కుంది. ఉడుక్కోవడంలో కాస్త ఆటపట్టింపు వాసన ఉంది, కీర్తన గాంభీర్యానికి అది చాలుతుందా అని నాకే అనుమానం. "లోలోపల రగిలిపోవద్దు" అన్నా సరే.

ఆ పిల్లవాడికి బైబిల్లోనే సామెతల గ్రంథం 24వ అధ్యాయం మొదటి వచనం కూడా చూపించండి. "దుర్జనులను చూచి మత్సరపడకుము వారి సహవాసము కోరకుము" అని ఉంటుంది. మందు సంగతి వాడు అక్కడ అడిగితే కాదనలేం.