షిస్టోసోమా: పురుగు ఉండేది రక్తనాళంలో, మరి లివర్ ఎందుకు గట్టిపడుతుంది?

షిస్టోసోమా అనేది రక్తనాళాల్లో బతికే పరాన్నజీవి పురుగు. పై ప్రశ్నకు జవాబు వెతుకుతూ మీరు పురుగు దగ్గరే ఆగిపోయారు. లివర్‌ను పాడుచేసేది దాని గుడ్లు.

1. షిస్టోసోమాలో ఒక రకమైన మాన్సోనై ఆడపురుగు రోజుకు సుమారు 300 గుడ్లు పెడుతుంది. మలంలో పోనివాటిలో చాలా గుడ్లు రక్తంతో కొట్టుకొచ్చి లివర్‌లో ఇరుక్కుంటాయి.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. గుడ్లు పడేదాకా, అంటే మొదటి ఐదారు వారాలు, టీహెచ్1 (కణాల లోపలి క్రిములపై పనిచేసే రకం) రోగనిరోధక స్పందన ఎక్కువ. గుడ్డు స్రావాలు తగిలాక అది టీహెచ్2 (పురుగులపై పనిచేసే రకం) వైపు తిరుగుతుంది. లివర్ ముక్కను మైక్రోస్కోప్ స్లైడ్‌లో చూస్తే: మధ్యలో పక్కముల్లున్న గుడ్డు, చుట్టూ ఎర్రటి గింజల ఇసినోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు. ఆ కణాల ముద్దే గ్రాన్యులోమా.

3. గ్రాన్యులోమాను పూర్తిగా శత్రువు అనుకోకండి, గుడ్డు విషాన్ని లివర్ కణాలకు తగలనివ్వదు. కానీ టీహెచ్2 స్పందనలో వచ్చే ఐఎల్-13 అనే సంకేత ప్రోటీన్ వల్ల కొల్లాజెన్ (మచ్చ కణజాలపు పీచు ప్రోటీన్) పేరుకుని మచ్చ మిగులుతుంది, లివర్ గట్టిపడేది అందుకే.

దీనికిచ్చే మందు ప్రాజిక్వాంటెల్ చంపేది పెద్ద పురుగుల్నే. ఇరుక్కున్న గుడ్లు అక్కడే ఉంటాయి.